వ్యోమగామితో ఫోటోకి 34,220 రూపాయలు: గోపాల్‌పూర్‌లో మా అనుభవం

ముందే చెప్పేస్తాను. వ్యోమగామి పక్కన కూర్చోబెడతాం, మాట్లాడిస్తాం అని ఎవరైనా వీఐపీ టికెట్ అమ్మితే కొనకండి. అదే మనిషి హాల్లో మాట్లాడతాడని మామూలు టికెట్ పెడితే మాత్రం పిల్లల్ని తీసుకుని తప్పకుండా వెళ్ళండి. ఒకే సాయంత్రం మా ఇంటివాళ్ళమే రెండూ చూశాం. మేం మనిషికి 14,500 కట్టాం, మా తోడల్లుడు వాళ్ళు మనిషికి 1,800 కట్టారు. కట్టిన డబ్బుకి ఫలితం దక్కింది వాళ్ళకే.

మాది పర్లాకిమిడి. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. 2025 జూన్ 25న శుభాంశు శుక్లా ఫ్లోరిడాలోని కెన్నెడీ స్పేస్ సెంటర్ నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి మా ఇంట్లో అన్నం దగ్గర కూడా ఆ కబుర్లే. 1984లో రాకేశ్ శర్మ వెళ్ళాక మళ్ళీ 41 ఏళ్ళకి మన దేశం నుంచి ఇంకొకరు వెళ్ళారు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కాలుపెట్టిన మొదటి భారతీయుడు ఆయనే, జులై 15న తిరిగొచ్చి సముద్రంలో దిగేదాకా పాపకి టీవీ తప్ప వేరే ధ్యాస లేదు. ఆంధ్రాలో పుట్టి, అమెరికాలో పెరిగి 2021లో అంతరిక్షయానం చేసొచ్చిన శిరీష బండ్ల ఫోటో అంతకు ముందు నుంచే తన పుస్తకం అట్ట మీద ఉంది. అలాంటి పిల్ల ఉన్న ఇంటికి వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది: స్పేస్ షటిల్‌లో ఎగిరి, అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి ఉండి వచ్చిన విదేశీ వ్యోమగామి ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ దగ్గర ఒక రిసార్ట్‌కి వస్తున్నారని. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, రాస్తే ఏర్పాటు చేసినవాళ్ళెవరో తెలిసిపోతుంది. అసలు ఇందులో ఆయన తప్పు ఒక్కటీ లేదు.

వీఐపీ టికెట్ రసీదు మీద ఏం రాసి ఉందో చెప్తాను. పన్నెండు మంది కూర్చునే టేబుల్, వ్యోమగామితో 20 నిమిషాల మాటామంతీ, ఆయన సంతకం చేసిన ఫోటో, రాత్రి డిన్నర్. పదహారేళ్ళలోపు పిల్లలు ఒంటరిగా రాకూడదు, తోడు వచ్చే పెద్దవాళ్ళు కూడా అదే టికెట్ కొనాలి. అంటే ఆ టేబుల్ దగ్గర నాకు పనున్నా లేకపోయినా నేనూ 14,500 కట్టాలి. ఇద్దరికీ 29,000, జీఎస్టీ 5,220, మొత్తం 34,220. మా ఆవిడ "ఆ డబ్బుతో పిల్లకి మంచి టెలిస్కోపే వస్తుంది కదండీ" అంది. అని, తనకి మాత్రం హాల్ టికెట్ చాలంది. అమెరికాలో ఉన్న మా బావమరిది వేరేలా చెప్పాడు. కెన్నెడీ సెంటర్ సందర్శకుల కాంప్లెక్స్‌లో కూడా లోపలికి వెళ్ళే టికెట్ కాకుండా వ్యోమగామితో మాట్లాడడానికి విడిగా టికెట్ ఉంటుందట, చిన్న గుంపులో కూర్చోబెట్టి ప్రశ్నలు అడగనిస్తారట, ఫోటో కూడా ఉంటుందట. అక్కడ నడుస్తున్నది ఇక్కడెందుకు నడవదు అన్నాడు. మాటిచ్చింది చేస్తే ఇక్కడా నడిచేదే.

పర్లాకిమిడి నుంచి పలాస, పలాస నుంచి రైల్లో బరంపురం, ఏ ఇబ్బందీ లేదు. బరంపురంలో పొద్దున్నే బస్టాండ్ పక్కన బొరా ఘుగుని (గారెలు, బఠాణీ కూర) తిన్నాం, ప్లేటు 40 రూపాయలు, నలుగురూ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. అక్కడి నుంచి గోపాల్‌పూర్‌కి కారుకి 500 తీసుకున్నారు, ఆటో అయితే 350కి వస్తాడు.

బస దగ్గర మొదలైంది మా గొడవ. వీఐపీ వాళ్ళకి "మా హోటల్‌లోనే రాయితీ" అని నిర్వాహకులు ఒక లాడ్జి చూపించారు, రాత్రికి 3,200. సముద్రం కనిపించే గది అన్నారు. రెండు మేడల మధ్య సందులోంచి మెడ పక్కకి వంచితే కాస్త నీలం రంగు కనిపిస్తుంది. బాత్రూమ్‌లో ఉప్పునీళ్ళు, గీజర్ గోడకి ఉంది గానీ వైరు తెగి వేలాడుతోంది. చిన్నదానికి ఇంకో పరుపు అడిగితే 600 అన్నాడు, దుప్పటి వేరే అన్నాడు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఫ్యాన్లకి మాత్రమేనట, ఏసీకి కాదట. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఖాళీ చేసే టైము. పొద్దున్న ఎనిమిదికల్లా ఖాళీ చెయ్యాలి. కార్యక్రమం అయ్యేది రాత్రి పదింటికి, గదికి చేరేసరికి పదకొండు, ఏడున్నరకే మేనేజర్ తలుపు కొడుతున్నాడు, పిల్లలు ఇంకా నిద్రలో ఉన్నారు. రెండు గంటలు ఆగమంటే సగం రోజు అద్దె అడిగాడు. మా ఆవిడ ఆ పొద్దున్నంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ ఒడిశా తీరంలో చాలా లాడ్జిల్లో ఇదే పద్ధతి, పూరీలోనూ ఇంతే, కాబట్టి గది తీసుకునేటప్పుడు ధర కన్నా ముందు ఖాళీ చేసే టైము అడగండి. మా తోడల్లుడు వాళ్ళు వెనక వీధిలో ఒక ఇంటివాళ్ళు నడిపే లాడ్జిలో 1,100కి దిగారు, బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చిచ్చారు, పదింటిదాకా ఉండనిచ్చారు.

ఇక అసలు సంగతి. సాయంత్రం నాలుగింటికి రమ్మన్నారు, ఐదున్నరదాకా వరండాలో నిలబెట్టారు. టేబుల్ ఎక్కడ అంటే "సార్, ఫ్లైట్ లేటయింది, టేబుల్ సెషన్ క్యాన్సిల్, ఫోటో మాత్రం ఉంటుంది" అన్నాడు మెడలో కార్డు వేసుకున్నాయన. రసీదు చూపించాను. చూడనైనా చూడలేదు. వీఐపీలం అరవై మందికి తక్కువ లేం, బరంపురం వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు, విశాఖ నుంచి వచ్చినవాళ్ళు. అందరినీ వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరినీ ముందుకి తోశారు. మా పాప ఇంటి దగ్గర నుంచి రాసుకొచ్చిన కాగితం చేతిలో పెట్టుకుని నోరు తెరిచింది, పక్కనున్నాయన "నో క్వశ్చన్స్ ప్లీజ్" అని భుజం పట్టుకుని పక్కకి జరిపాడు. నిమిషం కూడా పట్టలేదు. పాప కళ్ళు ఎర్రబడ్డాయి, ఏడవలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. సంతకం చేసిన ఫోటో అని ఇచ్చినది చూస్తే సంతకం కూడా ఫోటోతో పాటే ప్రింటయింది, అరవై మందికీ ఒకటే గీత. డిన్నర్‌కి ఆయన రానే లేదు, చల్లారిన పలావు, నూడుల్స్, పనీర్.

ఈ కోపంలో వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళమే. అక్కడ పనిచేస్తున్న ఒక అమ్మాయి, ఇచ్ఛాపురం అంది, నా దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పింది: "అంకుల్, పాపని హాల్లో ఎడమవైపు మైక్ దగ్గరికి పంపించండి. వీఐపీ సోఫాల్లో కూర్చుంటే మైక్ రాదు." ఆ పిల్ల చల్లగా ఉండాలి.

హాల్లో ఆయన దాదాపు గంట మాట్లాడారు, నేను చిన్న మాట కూడా వదులుకోలేదు. భూమికి 400 కిలోమీటర్ల పైన, గంటకి 28,000 కిలోమీటర్ల వేగంతో, గంటన్నరకోసారి భూమి చుట్టూ తిరిగొస్తుందట ఆ కేంద్రం. రోజుకి పదహారు సూర్యోదయాలు. గోడకి కట్టిన సంచిలో నిద్ర. ఒంట్లోంచి పోయిన చెమట, మూత్రం కూడా శుద్ధి చేసుకుని తాగుతారు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే, కానీ అలా బతికొచ్చిన మనిషి నోటి నుంచి వింటుంటే పిల్లలు కదల్లేదు. మా తోడల్లుడి కొడుకు, ఆరో తరగతి, 1,800 టికెట్‌వాడు, లేచి "అక్కడ ఏడిస్తే కన్నీళ్ళు ఎటు పోతాయి?" అని అడిగాడు. ఆయన నవ్వి, స్టేజీ మీద నుంచి ముందుకొచ్చి చెప్పారు. కిందికి కారవట, కంటికే నీటి ముద్దలా అతుక్కుని పెద్దదవుతూ ఉంటుందట, గుడ్డతో తుడుచుకోవాల్సిందేనట. హాలంతా చప్పట్లు.

తర్వాత మా పాప. తిరిగొచ్చిన రోజు నడవగలిగారా అని అడిగింది. దానికి ఆయన ఐదు నిమిషాలు చెప్పారు. బరువు లేనిచోట ఎముక నెలకి ఒకటి, ఒకటిన్నర శాతం పల్చబడుతుందని, అందుకే అక్కడ రోజూ రెండు గంటలు వ్యాయామం చేయిస్తారని, అయినా మొదటిరోజు మలుపు తిరగబోయి తలుపుకి గుద్దుకున్నానని. చివర్లో పాప పేరు అడిగి, పేరుతో థాంక్స్ చెప్పారు. గొడవంతా ఒక పక్కన పెడితే, ఆ ఐదు నిమిషాలకి నేను 1,800 కాదు, ఐదు వేలైనా ఇస్తాను. కానీ ఆ ఐదు నిమిషాలు 14,500 టికెట్ మీద వచ్చినవి కావు.

ఇంటికొచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి రసీదు, ఫోటో అన్నీ పంపించాను. నిర్వాహకులు ముందు పలకలేదు, తర్వాత 9,000 వెనక్కి వేశారు. మిగతాది కూడా వదలను. మీకూ ఇలా జరిగితే అక్కడే గొంతు చించుకోకుండా రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి.

తిరుగు ప్రయాణం తప్తపాణి, మోహన, చంద్రగిరి మీదుగా కారులో వచ్చాం. తప్తపాణి వేడినీళ్ళ దగ్గర మా ఆవిడ కాళ్ళు కడుక్కుని మొదటిసారి నవ్వింది. జిరాంగ్ బౌద్ధ మఠం చూసి, టిబెట్ వాళ్ళ హోటల్లో మోమోలు తిన్నాం. గోపాల్‌పూర్ డిన్నర్ కన్నా వెయ్యి రెట్లు నయం.

డబ్బు పోయాకే మిగతా దారులు వెతికాను. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడడానికి గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు, టికెట్ లేదు, సూళ్ళూరుపేటలో రైలు దిగాలి. భువనేశ్వర్‌లో పఠాణి సామంత పేరుతో ప్లానెటేరియం ఉంది. ఖండపడాలో 1835లో పుట్టి, కర్రతో, వెదురుతో చేసుకున్న పరికరాలతో గ్రహాల లెక్కలు కట్టిన మనిషి ఆయన, మన పక్కవాడే, పిల్లలకి చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇస్రో వాళ్ళ యువిక. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఎంపిక చేసి వేసవిలో ఇస్రో కేంద్రాలకి తీసుకెళ్తారు, ప్రయాణం, బస, తిండి ఇస్రోదే, శాస్త్రవేత్తలతో మాట్లాడిస్తారు. ఎనిమిదో తరగతి మార్కులు లెక్కలోకి వస్తాయి, పంచాయతీ పరిధిలో ఉన్న స్కూలు పిల్లలకి కొంత అదనపు వెయిటేజీ కూడా ఉంటుంది, గజపతి, రాయగడ జిల్లాల పల్లెల్లో చదివేవాళ్ళు దీన్ని వదులుకోకూడదు. మా పాప వచ్చే ఏడాదికి ఇప్పటి నుంచే చదువుతోంది.

ఆ నిర్వాహకులు ఈసారి విశాఖలో పెడతామని మళ్ళీ ప్రకటన వేస్తున్నారు. వెళ్ళేవాళ్ళు హాల్ టికెట్ కొనండి, గంట ముందు వెళ్ళి మైక్ పక్కన కుర్చీ పట్టుకోండి, ప్రశ్న కాగితం మీద రాసుకుని పిల్లల చేతికే ఇవ్వండి.