బీచ్, షోర్, కోస్ట్: ఏ మాట ఎక్కడ మేలు?

విశాఖపట్నంలో నా దగ్గర ఇంగ్లీషు రాయడం నేర్చుకుంటున్న అమ్మాయి మొన్న ఒక పేరా రాసుకొచ్చింది. అందులో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ ‘బీచ్’ను దాటింది. మనం ‘తీరం దాటింది’ అంటాం కదా, తీరానికి రోజూ నోట నలిగే మాట బీచే కాబట్టి అదే పెట్టేసింది. తప్పు ఆ అమ్మాయిదని నేననుకోను. మూడు మాటలకూ ఒకే అర్థం రాయించి వల్లె వేయించే చదువు మీదే నాకు కోపం.

బీచ్ అంటే ఇసుకో గులకరాళ్లో పరుచుకున్న నేల. రుషికొండ దగ్గర ఉన్నది బీచ్. డాల్ఫిన్స్ నోస్ కొండ రాళ్లు నేరుగా నీళ్లలోకి దిగేచోట ఆ మాట నప్పదు, అక్కడ షోర్ అనాలి. షోర్ నీటికీ నేలకూ మధ్య అంచు. ఇసుకైనా, రాయైనా, బురదైనా దానికి పట్టింపు లేదు. సముద్రానికే కాదు, సరస్సుకూ షోర్ ఉంటుంది. నదికి మాత్రం సాధారణంగా బ్యాంక్ అంటారు. భీమిలి దగ్గర గోస్తని గట్టు బ్యాంక్, ఆ నీళ్లు సముద్రంలో కలిసేచోట ఇసుక బీచ్.

కోస్ట్ వీటన్నిటికంటే పెద్దది. పటం మీద వేలు పెట్టి చూపించే అంచు అది. సరస్సు అంచును సాధారణంగా కోస్ట్ అనరు. ఇక్కడ మన తెలుగే దారి చూపిస్తుంది. ‘కోస్తా జిల్లాలు’ అన్నప్పుడు మనసులో మెదిలేది కోస్ట్. కోస్తాలో ఇసుకగూళ్లు కట్టామని ఎవరూ అనరు. ‘ఒడ్డుకు చేరాం’ అన్నప్పుడు మెదిలేది షోర్. తుఫాను ఒక ప్రాంతం మీదికి వస్తుంది కాబట్టి అది దాటేది కోస్ట్. వాతావరణ శాఖ ఇంగ్లీషు ప్రకటనల్లో కనిపించేదీ ఈ మాటే.

పోర్ట్, హార్బర్ మధ్య తేడా నాకు మరీ ఇష్టం. హార్బర్‌లో ఆశ్రయం ఉంది. 2024 దాకా అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి 212వ సెక్షన్‌లో నేరస్థుడికి తలదాచుకునే చోటివ్వడాన్ని చెప్పింది ఈ మాటతోనే. అలల తాకిడికి కొండ అడ్డుగా నిలిచిన మన లోపలి నీళ్లు హార్బర్, వేట పడవలు తలదాచుకునేది ఫిషింగ్ హార్బర్. పోర్ట్‌లో వర్తకం ఉంది: క్రేన్లు, గోదాములు, సుంకాలు, సరుకులు. విశాఖలో 1933లో ఓడలకు తెరిచింది పోర్ట్‌ను. సరుకు గురించి రాస్తే పోర్ట్, గాలివాన గురించి రాస్తే హార్బర్ ఎంచుకోండి.

షిప్, బోట్ సంగతి సులువే, పెద్దది షిప్, చిన్నది బోట్. జలాంతర్గామి ఒక్కటే వేరు. 2002 నుంచి ఆర్‌కే బీచ్‌లో ప్రదర్శనశాలగా ఉన్న జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కుర్సురా పేరు ముందున్న ‘ఐఎన్‌ఎస్’లో చివరి ఎస్ అక్షరానికి అర్థం షిప్పే. అయినా నావికుల సంప్రదాయంలో జలాంతర్గామి బోట్.

అమ్మాయి బీచ్ కొట్టేసి కోస్ట్ రాసింది. కింద ఇంకో వాక్యం ఉంది, తుఫానుకు ముందే జాలరులు తిరిగొచ్చారని.

“మాస్టారూ, వీళ్లు కూడా కోస్ట్‌కేనా?”

“నీళ్ల మీద నుంచి వస్తున్నవాళ్లకు ముందు ఏం కనిపిస్తుందమ్మా?”

“ఒడ్డు,” అంటూనే షోర్ రాసేసింది.