చిన్న గ్రీన్ ఆర్కిటెక్ట్ ఆఫీసు సేవ: కాన్సెప్ట్‌కి మంచి మార్కులే, తేడా వచ్చేది సైటు దగ్గర

ఐదారుగురు పనిచేసే ఆఫీసు. అరలో మట్టి ఇటుక నమూనాలు, గోడ నిండా తీగలు పాకిన ఎలివేషన్ బొమ్మలు, ఏసీ అవసరం తగ్గే ఇల్లు కట్టిస్తామన్న మాట. ఇలాంటి ప్రాక్టీసులిచ్చే సేవను మొదటి మీటింగు నుంచి తాళాలు చేతికొచ్చేదాకా దశలవారీగా చూస్తే మా తీర్పు ఇదీ: కాన్సెప్ట్ దశలో పెద్ద ఆఫీసుల కంటే మెరుగు, వర్కింగ్ డ్రాయింగుల్లో (సైటులో కట్టడానికి ఇచ్చే వివరమైన బొమ్మలు) ఎవరి సత్తా వాళ్లది, సైటు దగ్గర మాత్రం చాలామంది జారిపోతారు.

మెరుగు అనడానికి కారణం, డిజైన్ చేసే మనిషే మీతో మాట్లాడటం. పనితెలిసిన వాళ్లు ఎన్ని గదులు కావాలని మొదలుపెట్టరు. ఏ గదిలో ఏ వేళకు ఎవరుంటారని అడుగుతారు. రాత్రి మాత్రమే వాడే గదికి, మధ్యాహ్నమంతా మనుషులుండే గదికి ఎండ లెక్క వేరు కదా. ఆ తర్వాత వైశాల్యానికి కోత పెడతారు. కట్టని చదరపు మీటరుకు సిమెంటూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. ఇక్కడే ఒక మెలిక ఉంది: ఫీజు నిర్మాణ ఖర్చులో శాతంగా ఉంటే, ఇల్లు చిన్నది చేయమన్న ఆర్కిటెక్ట్ తన ఫీజే తగ్గించుకున్నట్టు. దశలవారీగా చెల్లించే స్థిరమైన ఫీజు ఇద్దరికీ మంచిది.

ఆఫీసు సత్తా తెలియాలంటే త్రీడీ బొమ్మ పక్కన పెట్టి, పడమటి కిటికీ సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) చూపించమనండి. సన్‌షేడ్ లెక్క పెద్ద బ్రహ్మవిద్య కాదు. సన్‌షేడ్ కింది నుంచి కిటికీ అడుగుదాకా 1.2 మీటర్లు ఉందనుకోండి. సూర్యుడు ఎదురుగా 60 డిగ్రీల ఎత్తులో ఉంటే 0.7 మీటర్ల సన్‌షేడ్ కిటికీ మొత్తానికి నీడనిస్తుంది. సాయంత్రం పడమట 30 డిగ్రీలకు దిగాడంటే అదే నీడకు 2.1 మీటర్లు కావాలి. అంత బయటికి ఎవరూ లాగరు. కాబట్టి పడమర వైపు నిలువు రెక్కలో, జాలీయో, బయటివైపు మూసే తలుపులో ఉండాలి, లేదంటే కిటికీయే చిన్నదవ్వాలి. నాలుగు వైపులా ఒకే 0.6 మీటర్ల సన్‌షేడ్ గీసిన డ్రాయింగు కనిపిస్తే, ఆ ఆఫీసు ఎండను లెక్కపెట్టలేదని అర్థం. ఈ లోపాన్ని డబుల్ గ్లాసుతోనో లోపలి కర్టెన్లతోనో సరిచేస్తామంటే నమ్మకండి. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండలో చాలా భాగం వేడిగా మారి గదిలోనే ఉండిపోతుంది, కర్టెన్ దాన్ని వెనక్కి పంపలేదు.

రెండో పరీక్ష పైకప్పు. వేడి ప్రాంతాల్లో పై అంతస్తు ఉడికిపోవడానికి మొదటి ముద్దాయి శ్లాబే. 150 మి.మీ. కాంక్రీటు శ్లాబుకు యూ-వాల్యూ సుమారు 3.5 ఉంటుంది. అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నా చదరపు మీటరుకు మూడున్నర వాట్ల వేడి దాటుతుంది. దానిపై 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురుగు పలక) షీటు పరిస్తే అది 0.5 దగ్గరికి దిగుతుంది. ఇంత తక్కువ మందంతో ఇంత లాభమిచ్చే పని ఇంట్లో ఇంకోటి లేదు. అయితే పొరల వరుస డ్రాయింగులో రాసుండాలి: శ్లాబు, వాలు, వాటర్‌ప్రూఫింగ్, దానిపై ఎక్స్‌పీఎస్, వడపోత గుడ్డ, ఆపైన కాంక్రీటు పొర లేదా టైల్స్. ఎక్స్‌పీఎస్ నీళ్లు పెద్దగా పీల్చదు కాబట్టే వాటర్‌ప్రూఫింగ్ పైన పెట్టొచ్చు, కింద ఉన్న పొరకు ఎండదెబ్బా తగలదు. ఖర్చు తగ్గుతుందని కాంట్రాక్టరు దాని స్థానంలో మామూలు థర్మాకోల్ తెస్తే, నాలుగు వానలకు అది నీళ్లు పీల్చి తడిగుడ్డలా తయారవుతుంది. ఇన్సులేషన్ పోయినట్టే. పారాపెట్ గోడ మొదట్లో వాటర్‌ప్రూఫింగ్‌ను కనీసం 150 మి.మీ. పైకి తిప్పాలి. లీకులు ఎక్కువగా పుట్టేది ఆ మూలలోనే.

మేడ మీద తోట చూపించారా? అయితే స్ట్రక్చరల్ ఇంజనీరు కాగితం అడగండి. 150 మి.మీ. మందాన పరిచిన మట్టి తడిస్తే చదరపు మీటరుకు 250 కిలోలు దాటగలదు. శ్లాబు పోశాక గుర్తొచ్చే తోట కుండీల తోటే అవుతుంది.

గాలి విషయంలో మాటలెక్కువ, కొలతలు తక్కువ. ఒకవైపే కిటికీ ఉన్న గదిలో గాలి, గది ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల లోతుదాకానే పనిచేస్తుందని ఒక మోటు లెక్క. ఎదురెదురు కిటికీలుంటే ఐదు రెట్లదాకా వెళ్తుంది. ప్లాన్‌లో కిటికీ 1.5 మీటర్లున్నా, స్లైడింగ్ అయితే తెరుచుకునేది సగమే. రెక్క తలుపులైతే దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. దోమల జాలీ పెట్టాక గాలి ఇంకా తగ్గుతుంది. ఈ లెక్క వేయకుండా, గాలి దారి అంటూ ప్లాన్ మీద గీసిన నీలం బాణాలు బాణాలే, గాలి కాదు. రాత్రిగాలితో గోడలు చల్లబరిచే పద్ధతికీ ఓ షరతుంది: పగటికీ రాత్రికీ పది డిగ్రీల దాకా తేడా ఉండాలి. ఉక్కపోత రాత్రుళ్లుండే చోట అది పనిచేయదు. అక్కడ దాన్ని అమ్మజూపే ఆఫీసు వేరే ఊరి డిజైన్ తెచ్చినట్టే.

సామగ్రి దగ్గర మోజుకు, లెక్కకు తేడా తెలిసిపోతుంది. ఎర్ర ఇటుక చూసి పచ్చదనం అనుకోవద్దు. బట్టీలో బొగ్గుతో కాల్చిన ఇటుకే అది, ప్లాస్టరింగ్ లేనంత మాత్రాన పుణ్యం రాదు. సిమెంటులో అసలు భారం క్లింకర్‌ది, అంటే సున్నపురాయిని బట్టీలో కాల్చి తీసే గడ్డలది. దాని కార్బన్ ఉద్గారాల్లో సగానికి పైగా సున్నపురాయి విడిపోవడం వల్లే వస్తాయి కాబట్టి, ఇంధనం మార్చినా అవి పోవు. అందుకే ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిసిన సిమెంటు, కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి క్లింకర్‌ను సగానికి తగ్గించే ఎల్‌సీ3 సిమెంటు లాంటివి వాడటం సరైన దారే. ఇక్కడ తప్పు జరిగేది సెంట్రింగ్ దగ్గర. ఈ సిమెంట్లు మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా అందుకుంటాయి. మేస్త్రీ పాత అలవాటు ప్రకారం సెంట్రింగ్ విప్పేసి, క్యూరింగ్ వారానికే ఆపేస్తే పగుళ్లు వస్తాయి, నింద సిమెంటు మీద పడుతుంది. రోజుల సంఖ్య డ్రాయింగు మీదే రాసే ఆఫీసులు కొన్నే ఉన్నాయి. అవే కావాలి.

ర్యాట్‌ట్రాప్ గోడ ఇంకో మంచి ఉదాహరణ. ఇటుకను నిలువు అంచు మీద పెట్టి మధ్యలో ఖాళీ వదిలే ఈ పద్ధతిలో ఇటుకలు పాతిక శాతం దాకా మిగులుతాయి, ఆ ఖాళీ వేడిని కొంత ఆపుతుంది. అలవాటులేని తాపీపనివాళ్లు ఆ ఖాళీలోకి మాలు జారవిడుస్తారు, అప్పుడు మిగులూ లేదు, చలవా లేదు. కిటికీ పక్కలు, అడుగు, లింటెల్ వరుసలు మాత్రం నిండుగా కట్టాలి. కరెంటు పైపులు ఎక్కడెక్కడో ముందే తేల్చాలి, ఎందుకంటే తర్వాత గాడి కొడితే ఇటుక పగిలి ఖాళీ బయటపడుతుంది. ఒక మీటరు నమూనా గోడ కట్టించి చూశాకే పని మొదలుపెట్టించే ఆఫీసుకు మా ఓటు.

కంప్యూటర్ సిమ్యులేషన్ రిపోర్టు చూపిస్తే మురిసిపోకముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఎనర్జీప్లస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏడాదిలోని 8,760 గంటలూ లెక్కిస్తుంది, నిజమే. కానీ దానికిచ్చే వాతావరణ ఫైలు సాధారణంగా గడిచిన ఏళ్ల రికార్డుల నుంచి ఏరి కూర్చిన 'మామూలు' ఏడాది. వడగాడ్పుల వారాలు అందులో మెత్తబడిపోతాయి. వేడెక్కిన ఏడాది ఫైలుతో ఇంకోసారి నడిపారా? కరెంటు పోయి ఏసీ ఆగితే పై గది ఎన్ని గంటల్లో ఎంత వేడెక్కుతుంది? రెండో ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పగలిగితే ఫీజుకు న్యాయం జరిగినట్టే.

బలహీనతలకొస్తే, చిన్న ఆఫీసుల్లో స్ట్రక్చర్, ఏసీ, ప్లంబింగ్ పనులు బయటివాళ్లవి. ఏసీ కన్సల్టెంటు ఆఖర్న వచ్చి, పాత అలవాటుగా ఇన్ని అడుగులకు ఇన్ని టన్నులని వేసేస్తే, శ్లాబు మీద పెట్టిన ఇన్సులేషన్ ఖర్చు మీకు తిరిగిరాదు. పైగా అవసరానికి మించిన ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ మాత్రం అలాగే ఉంటుంది. చల్లగా ఉన్నా జిగటగా అనిపించే గదులకు తరచూ కారణం ఇదే. కన్సల్టెంటుకు యూ-వాల్యూలు, కిటికీ నీడల వివరాలు రాతపూర్వకంగా ఇచ్చారో లేదో అడగండి.

ఇంకోటి సైటు విజిట్లు. ప్రధాన ఆర్కిటెక్ట్ ఒక్కరే, నడిచే ప్రాజెక్టులు అరడజను. పైన చెప్పిన తప్పుల్లో చాలావాటికి ప్లాస్టరింగ్ పడితే ఆనవాలు కూడా దొరకదు. అందుకని నెలకిన్ని విజిట్లని కాకుండా, ఏ పని ముందు రావాలో ఒప్పందంలో రాయించండి: శ్లాబు పోతకు ముందు, మొదటి నమూనా గోడకు, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు నిలబెట్టే 48 గంటల పరీక్షకు, ఇన్సులేషన్ మూసేముందు. చివరి వాయిదాలో కొంత మొత్తం తొలి ఎండాకాలం దాటేదాకా ఆపండి. పై అంతస్తు గదిలో ఒకటి, పడమటి గదిలో ఒకటి, బయట నీడలో ఒకటి ఉష్ణోగ్రత రాసుకునే చిన్న మీటర్లు పెట్టి, ఆ మూడింటి ఉష్ణోగ్రత గీతలూ పక్కపక్కన పెట్టుకుని ఆర్కిటెక్ట్‌తో కూర్చోండి.