డాక్‌కి లారీ తిన్నగా ఆనించాలంటే: అద్దాలా, క్లీనరా, కెమెరానా?

లారీని వెనక్కి తేవడం ఒక ఎత్తు, డాక్‌కి, అంటే సరుకు ఎక్కించి దింపే గట్టుకి, తిన్నగా ఆనించడం ఇంకో ఎత్తు. దీనికి అద్దాలు చాలా, క్లీనర్ ఉండాలా, కెమెరా పెట్టించాలా అని ఓనర్లకీ డ్రైవర్లకీ వాదన నడుస్తూనే ఉంటుంది. నా ఓటు అద్దాలకే, కాకపోతే చివరి గజం ముందు వరకే.

ముందు లోడు సంగతి చూడాలి. గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసుకొచ్చి ఎక్కించే చోట లారీ జానెడు వంకరగా నిలబడినా పని ఆగదు. శంషాబాద్, మేడ్చల్ వైపు పెద్ద వేర్‌హౌస్‌ల్లో అలా కుదరదు. అక్కడ డాక్ లెవెలర్ పలక గట్టుకీ లారీకీ మధ్య వంతెనలా లారీ ఫ్లోర్ మీదికి వాలుతుంది, దాని మీదుగా ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి వెళ్తుంది. కంటైనర్ లోపలి వెడల్పు సుమారు 2.35 మీటర్లు. పలక 2 మీటర్లు ఉందనుకుంటే ఒక్కో పక్క మిగిలేది సుమారు 17.5 సెంటీమీటర్లే. లారీ పక్కకి జరిగితే పలక కంటైనర్ గోడకి తగులుతుంది. వంకరగా నిలబడితే ఒక మూల ఆనదు, దాని మీదికి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కించడం ప్రమాదం.

అద్దాల గొప్పతనం ఏమిటంటే, బాడీ వంకర అవి చూపించినంత బాగా ఇంకేదీ చూపించదు. రెండు అద్దాల్లోనూ బాడీ పక్క, నేల మీద గీత సమాన దూరంలో నడుస్తుంటే లారీ తిన్నగా వస్తున్నట్టే. కుడి పక్క సందు ఎక్కువైతే స్టీరింగ్ కొద్దిగా కుడికి తిప్పాలి. తోక కుడికి కదలగానే ఎడమకి తిప్పి బాడీని మళ్లీ సరిచేసుకోవాలి. చాలామంది ఈ రెండో సగం మర్చిపోతారు, అందుకే లారీ పాములా మెలికలు తిరుగుతుంది. ట్రైలర్ అయితే లెక్క వేరు: తోక ఏ అద్దంలో ఎక్కువ కనిపిస్తే స్టీరింగ్ ఆ వైపే తిప్పాలి. ఏదైనా సరే, యాక్సిలరేటర్ తొక్కకుండా రివర్స్ గేర్‌లో దానంతట అది పాకినట్టు రావాలి.

అసలు సగం పని రివర్స్ గేర్ వేయకముందే అయిపోతుంది. మన దగ్గర డ్రైవర్ కుడి పక్కన కూర్చుంటాడు కాబట్టి డాక్ తన కుడి వైపు ఉండేలా దాటి ముందుకెళ్లి, కుడికి తిప్పుతూ వెనక్కి రావాలి. అప్పుడు తల బయట పెట్టి చూసుకునే వీలుంటుంది. ఎడమకి తిప్పాల్సి వస్తే సగం దారి గుడ్డిగానే. ఇక లారీ బాగా వంకరైపోతే వెనకే సరిచేస్తూ కూర్చోవడం దండగ. రెండు లారీల పొడవు ముందుకెళ్లి, ముందు చక్రాలు తిన్నగా పెట్టుకుని మళ్లీ రావడమే తొందరగా అవుతుంది. యార్డులో వెనక హారన్ కొట్టేవాడు ఉంటే టెన్షన్ సహజమే. కొట్టుకోనీండి.

అద్దాలు చేతులెత్తేసేది చివర్లో. బంపర్ వెనక ఏముందో అవి చూపించవు. పైగా ఉబ్బుటద్దంలో వస్తువు ఉన్నదానికంటే దూరంగా అనిపిస్తుంది. కంటైనర్ తలుపులు ముందే తెరిచి పక్కలకి మడిచి కట్టాలి కదా, అవి కొంత వెడల్పు పెంచుతాయి.

అక్కడ క్లీనర్‌కి సాటి లేదు. ఎంత దూరం ఉందో చెప్తాడు, పైన రేకు తగులుతుందో చూస్తాడు, అడ్డం వచ్చినవాళ్లని పక్కకి పంపిస్తాడు. అయితే మన కేకల్లో ఒక చిక్కుంది. 'రైట్ రైట్' అంటే పోనీయమనా, కుడికి కొట్టమనా? అందుకే కేకల కంటే చేతి సైగలే నయం. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి అయింది కాబట్టి కిటికీలు మూసుకుని కూర్చుంటే క్లీనర్ బాడీ మీద కొట్టే దరువు కూడా వినబడకపోవచ్చు. క్లీనర్ అద్దంలో కనబడే మూలలో నిలబడాలి. లారీకీ డాక్‌కీ మధ్యకి ఎప్పుడూ వెళ్లకూడదు. అద్దంలోంచి మాయమైతే ఆ క్షణమే బ్రేక్.

కెమెరా విషయంలో ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. వెనక మనిషి ఉన్నాడా, డాక్ అంచు ఎంత దగ్గరికొచ్చింది అనేవి చూపిస్తుంది. బాడీ వంకర మాత్రం తొందరగా పట్టివ్వదు, వెడల్పు లెన్స్‌లో గీతలే వంగి కనిపిస్తాయి. స్క్రీన్ చూస్తూ స్టీరింగ్ తిప్పేవాళ్లు అందుకే ఆలస్యంగా సరిచేస్తారు. దుమ్ము రోడ్డు మీద వచ్చాక లెన్స్ తుడవకపోతే అదీ లేదు. ట్రైలర్‌కైతే కెమెరా, వైరింగ్ ట్రైలర్‌తోనే ఉండిపోతాయి, ముందు లాగే ఇంజన్ బండి మారిస్తే కనెక్షన్ కలవాలి.

కాబట్టి పొడవాటి ట్రైలర్ నడిపేవాళ్లు కెమెరా ఉంది కదా అని మనిషిని మానేయకండి. సిటీలో ఒక్కడే డ్రైవర్ తిరిగే చిన్న లారీకి మాత్రం కెమెరా డబ్బు దండగ కాదు. తోడు లేనప్పుడు చివరి గజం దగ్గర ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, దిగి చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. కెమెరా బిగించేటప్పుడు సొంత బంపర్ అంచు స్క్రీన్ కింది భాగంలో కనబడేలా వంచి బిగించమనండి. అంచు కనబడకపోతే డాక్ ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి చెప్పలేం.