స్లో నుంచి రేస్ ఇవ్వగానే ఆగిపోయే చైన్ సా: మామిడి తోటలో కొన్నేళ్లు వాడిన తరువాత

ఈ చైన్ సా బలం గురించి, గొలుసు తిరిగే బార్ పొడవు గురించి, బరువు గురించి కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. 58 సీసీ తరగతి చైన్ సాలను చూసినవారికి అవన్నీ తెలిసినవే. నర్సంపేట వైపున్న మా మామిడి తోటలో దీన్ని కొన్నేళ్లుగా వాడుతున్న నేను ఒకే ఒక గుణం గురించి రాయదలచుకున్నాను. స్లోలో నడుస్తున్న ఇంజనుకు ఒక్కసారిగా రేస్ ఇచ్చినప్పుడు అది అందుకుంటుందా, ఆగిపోతుందా అన్నదే ఆ గుణం. దుకాణంలో యంత్రాన్ని చూపించేవారు ఫుల్ రేస్‌లో దాని మోత వినిపిస్తారే తప్ప, రెండు నిమిషాలు స్లోలో వదిలి ఆ తరువాత రేస్ ఇచ్చి చూపించరు. తోట పనిలో మాత్రం యంత్రం పనికివస్తుందో లేదో ఆ క్షణంలోనే తేలిపోతుంది.

దీనికి కారణం మా పని తీరులోనే ఉంది. కాయ కోత ముగిశాక, వానలు ముదరకముందే, లోపలికి వెలుతురు వచ్చేలా మామిడి చెట్ల కొమ్మలు తీయించడం మాకు ఏటా ఉండే పని. లావుపాటి కొమ్మకు తాడు కట్టి, కింద మనుషులు దాన్ని పట్టుకున్నాక, ముందు అడుగు వైపున కొంత కోసి, ఆగి, తాడు బిగువు చూసుకుని, పై నుంచి రెండో కోత మొదలుపెట్టాలి. కొమ్మ కింద పడ్డాక దాన్ని పక్కకు ఈడ్చేదాకా మళ్లీ ఆగాలి. ప్రతిసారీ ఇంజను ఆపి తాడు లాగి స్టార్టు చేస్తే మధ్యాహ్నానికే భుజం పడిపోతుంది కనుక, చైన్ బ్రేకు వేసి యంత్రాన్ని స్లోలో ఉంచుతాం. అంటే రోజంతా మేము చేసేది స్లో నుంచి రేస్‌కు, రేస్ నుంచి స్లోకు మారడమే. నేల మీద పడిన జామాయిల్ దుంగలను వరుసగా కోసుకుంటూ పోయేవారికి నేను చెప్పబోయే ఇబ్బంది ఏళ్ల తరబడి కనిపించకపోవచ్చు.

మొదటి ఏడాది ఏ లోటూ కనబడలేదు. రెండో వేసవిలో, గాలి దుమారానికి గెట్టు మీది వేపచెట్టు బాటకు అడ్డంగా కూలినప్పుడు, ఈ జబ్బు మొదటిసారి బయటపడింది. యంత్రం ఉదయం చక్కగా స్టార్టయింది. స్లోలోనూ నిలకడగా తిరిగింది. ఒక నిమిషం స్లోలో ఉంచి ట్రిగ్గరు నొక్కగానే మాత్రం ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. మెల్లమెల్లగా నొక్కుకుంటూ పోతే ఎలాగో అందుకునేది, అందుకున్న తరువాత బలంలో ఏ తేడా ఉండేది కాదు. వినడానికి ఇది చిన్న లోపంలాగే ఉంటుంది. కానీ సగం కోసిన గాడిలో బార్ పెట్టి రేస్ ఇచ్చినప్పుడు ఇంజను ఆగిపోతే, ఈలోగా కొమ్మ బరువు కిందికి దిగి బార్‌ను బిగించేస్తుంది. దాన్ని విడిపించడానికి తాడు పట్టుకున్న మనుషులు కొమ్మ కిందికి రావలసి వస్తుంది. నాకు ఈ యంత్రం మీద కోపం వచ్చింది అందుకే.

వారంటీ ఉంది కనుక ముందు సర్వీసు కేంద్రానికే తీసుకుపోయాను. అక్కడ ప్లగ్గు మార్చారు, ఎయిర్ ఫిల్టరు కడిగారు, చివరికి స్లో స్క్రూ తిప్పి ఇంజను వేగం పెంచి ఇచ్చారు. వారి ముందు రేస్ ఇస్తే అందుకుంది కూడా. ఇంటికి వచ్చాక చూస్తే ట్రిగ్గరు ముట్టకుండానే గొలుసు తిరుగుతూ ఉంది. చైన్ సాలో క్లచ్ ఇంజను వేగాన్ని బట్టి దానంతట అదే పట్టుకుంటుంది. స్లో ఒక హద్దు దాటితే అది పట్టుకుని గొలుసును తిప్పడం మొదలుపెడుతుంది. స్లోలో గొలుసు కదలకూడదని యంత్రంతో పాటు ఇచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆగిపోయే యంత్రాన్ని ఆగకుండా చేయడానికి, చేతిలో పట్టుకుని నడిచే మనిషి కాలి పక్కన గొలుసు తిరిగేలా చేసి పంపడం మరమ్మతు అనిపించుకోదు. మళ్లీ వెళ్లి అడిగితే పెట్రోలు బాగాలేదన్నారు. స్లో స్క్రూను నేను పాత చోటికి తిప్పుకున్నాను. జబ్బు మళ్లీ మొదలయింది.

అసలు కారణం పట్టుకున్నది నర్సంపేటలో గడ్డి కోసే మిషన్లు, పత్తికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు బాగుచేసే ఒక పెద్దాయన. ఆయన పరీక్షించిన వరుసను వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఇదే లక్షణం అరడజను కారణాల వల్ల రావచ్చు. ఏదీ విప్పకముందే ఆయన పెట్రోలు ట్యాంకు మూతను కాస్త వదులు చేసి రేస్ ఇచ్చి చూశారు. ట్యాంకులోకి గాలి వెళ్లే దారి పూడుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు రాదు, మూత వదిలితే యంత్రం కోలుకుంటుంది. నా యంత్రం కోలుకోలేదు. ట్యాంకులోని ఫిల్టరును తీగతో బయటికి లాగి చూస్తే శుభ్రంగానే ఉంది. సైలెన్సరు నోటి దగ్గరి జాలీలో మసి పేరుకున్నా యంత్రానికి ఊపిరాడదు కాబట్టి అదీ విప్పి చూశారు. స్లోలో నడుస్తున్న యంత్రాన్ని అటు పక్కకు, ఇటు పక్కకు వంచి శబ్దం విన్నారు. వంచినప్పుడు వేగం మారితే క్రాంకు సీళ్ల (ఇంజను ఇరుసు చుట్టూ గాలి చొరకుండా ఆపే రబ్బరు చుట్టల) దగ్గర గాలి లీకయినా ఉండాలి, స్లోలో పెట్రోలు ఎక్కువై అడుగున చేరుతూనయినా ఉండాలి. నా యంత్రంలో మార్పు లేదు. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరుకు, సిలిండరుకు మధ్యనుండే రబ్బరు గొట్టంలో పగులు ఉన్నదేమోనని వేలితో తడిమి చూశారు.

తరువాత ఆయన చేసిన పరీక్ష నాకు ఎంతో నచ్చింది. చోక్‌ను కొద్దిగా మాత్రమే మూసి రేస్ ఇచ్చారు. అంతవరకు దగ్గి చచ్చిపోతున్న ఇంజను ఒక్కసారిగా అందుకుంది. "చూసినవా సారూ, ఇది పెట్రోలు తాగుతలేదు, ఉత్త గాలే తాగుతున్నది" అన్నారు. చోక్ మూస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది కనుక, దానితో ఇంజను బాగుపడితే మిశ్రమం పలచబడిందనే, అంటే గాలికి తగినంత పెట్రోలు కలవడం లేదనే అర్థం. మిశ్రమం చిక్కగా ఉన్నందువల్ల వచ్చే జబ్బు వేరుగా కనిపిస్తుందని ఆయనే చెప్పారు. అప్పుడు రేస్ ఇవ్వగానే పొగ కక్కి, గుడగుడలాడి, ఆలస్యంగానయినా అందుకుంటుందట, ఇలా టక్కున ఆగదట.

పలచబడటానికి కారణం కార్బొరేటరు లోపలే దొరికింది. మోటారు సైకిలు కార్బొరేటరులో పెట్రోలు మీద తేలే బిళ్ల (ఫ్లోట్) ఇందులో ఉండదు. యంత్రాన్ని ఎటు తిప్పి పట్టుకున్నా పెట్రోలు అందాలి కనుక దాని స్థానంలో డయాఫ్రమ్ అనే మెత్తని పలచని పొర ఉంటుంది. ఇంజను లాగే కొద్దీ అది లోపలికి వంగి, ఒక చిన్న మీటను నొక్కి, సూదిని లేపి పెట్రోలును వదులుతుంది. ఆయన మూత విప్పి నా డయాఫ్రమ్‌ను చెవి దగ్గర ఆడించి చూపిస్తే అది ఎండిన మోదుగాకులా గలగలలాడింది. కొత్తది మెత్తగా, చప్పుడు లేకుండా వంగుతుంది. అంత బిరుసుగా ఉన్నది స్లోకు చాలినంత పెట్రోలును ఎలాగో ఇస్తుంది. రేస్ ఇవ్వగానే గాలి ఒక్కసారిగా దూసుకువచ్చినప్పుడు మాత్రం అదే వేగంతో వంగలేక పెట్రోలును ఆలస్యంగా వదులుతుంది, ఆ ఆలస్యంలోనే ఇంజను ఆగిపోతుంది. ఖరీదైన కొన్ని యంత్రాలలో రేస్‌తో పాటు అదనంగా కాస్త పెట్రోలు చిమ్మే చిన్న పంపు ఉంటుంది. నా దానిలో అది లేదు.

డయాఫ్రమ్‌లు, గాస్కెట్లు, సూది కలిసి వచ్చే కిట్టు ఖరీదు ఒక పూట కూలి అంత కూడా లేదు. పాతవి తీసి, లోపలి సన్నని జాలీని శుభ్రం చేసి, మీట ఎత్తు సరిచూసి బిగించాక, ఇంజను వేడెక్కేదాకా ఆగి ట్యూనింగ్ మొదలుపెట్టారు. ఎల్ స్క్రూను లోపలికి తిప్పితే స్లోలో పెట్రోలు తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఇంజను అన్నిటికన్నా వేగంగా తిరిగే చోటు పట్టుకుని, అక్కడి నుంచి ఇంకాస్త, చుట్టులో ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు మేర, బయటికి తిప్పి రేస్ ఇచ్చి చూశారు. ఏ తడబాటూ లేకుండా అందుకున్నాక, గొలుసు పూర్తిగా ఆగి ఉండేలా స్లో స్క్రూను చివరగా సరిచేశారు. ఫుల్ రేస్‌లో పెట్రోలును సరిచేసే హెచ్ స్క్రూను ఆయన ముట్టనే లేదు. ఫుల్ రేస్‌లో మిశ్రమం పలచబడితే పెట్రోలుతో పాటు అందులో కలిపిన ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది కనుక, చెవితో వేగం అంచనా కట్టలేనివారు దాని జోలికి పోకూడదని గట్టిగా చెప్పారు.

డయాఫ్రమ్ అంత త్వరగా బిరుసెక్కడానికి పెట్రోలే కారణమని నా అభిప్రాయం. ఆ లెక్కన సర్వీసు కేంద్రం వారి మాటలో కొంత నిజం ఉంది, అయితే వారు ఆ మాట చెప్పి పంపేశారే గాని మూత విప్పి చూడలేదు. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ 2022 నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, పాత పెట్రోలుకు సరిపోయిన స్క్రూ స్థానంలోనే ఉంచితే కొత్త పెట్రోలుతో మిశ్రమం పలచబడుతుంది. పైగా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరుకు పడదు. ఏడాదిలో కొన్ని నెలలే పనిచేసి మిగతా కాలం కొట్టంలో పడి ఉండే తోట యంత్రాలకు ఇది మరింత కష్టం. ఇప్పుడు మేము ఆ పూటకు కావలసినంత పెట్రోలులో మాత్రమే, పుస్తకంలో చెప్పినట్టు లీటరుకు 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజను ఆయిల్) కలుపుతున్నాం. పని కాలం ముగిశాక ట్యాంకులోని పెట్రోలు వంచేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి దాస్తున్నాం.

ఈ యంత్రం సులువుగా స్టార్టవుతుందని కొత్తలో చాలామందికి చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమే, కానీ దానికి కొంత సవరణ కావాలి. స్టార్టు చేసే ముందు వేలితో నొక్కే రబ్బరు బుడ్డి కార్బొరేటరులోకి పెట్రోలును లాగి నింపుతుంది కనుక, డయాఫ్రమ్ చెడిపోయినా యంత్రం స్టార్టవుతుంది. సులువుగా స్టార్టయినంత మాత్రాన కార్బొరేటరు బాగున్నట్టు కాదు. గొలుసుకు ఆయిల్ బాగా అందుతుందని అప్పట్లో నేను మెచ్చుకున్న మాటను మాత్రం మార్చవలసిన అవసరం రాలేదు.

మరమ్మతు తరువాత రెండు సీజన్లు గడిచాయి. స్లో నుంచి రేస్ ఇస్తే ఇప్పుడు వెంటనే అందుకుంటున్నది. మే నెల నడి ఎండలో చాలాసేపు స్లోలో ఉంచితే మాత్రం ఒక్క క్షణం తడబడటం ఇంకా కనిపిస్తుంది. ఆ గంటల్లో ఇంజను ఆపి చల్లబరచడమే నయమని మా మనుషులు అలవాటు చేసుకున్నారు. మళ్లీ ఇదే కొంటారా అని అడిగితే, నర్సంపేటలో ఆ పెద్దాయన ఉన్నంతకాలం కొంటాననే చెబుతాను. కార్బొరేటరు విప్పగల మనిషి దగ్గరలో లేనివారు, రోజూ కోసి కూలి సంపాదించుకునేవారు, ఇంకొంచెం డబ్బు పెట్టి రేస్‌తో పెట్రోలు చిమ్మే పంపు ఉన్నదాన్ని చూసుకోవచ్చు. ఏది కొన్నా దుకాణంలోనే రెండు నిమిషాలు స్లోలో ఉంచమని అడిగి, ఆ తరువాత ట్రిగ్గరును మీ చేతితోనే ఒక్కసారిగా నొక్కి చూడండి.