నెగ్గితే ఒక రేటు, వీగితే ఒక రేటు: ఏడాదిన్నర వాడాక

క్రిప్టో వాలెట్ ఎలా పెట్టుకోవాలి, ఫీజులు కట్టే గ్యాస్ కాయిన్ ఎక్కడ కొనాలి, వాలెట్‌కు తాళంచెవి లాంటి సీడ్ పదాలు ఎలా దాచుకోవాలి అన్నవి ఇక్కడ రాయను. అవి ఇంకా రానివాళ్ళు ఈ మార్కెట్ల జోలికి ఇప్పుడే రాకపోవడం మంచిది. నేను రాయాలనుకున్నది ఒకే ఒక్క సదుపాయం గురించి. షరతు టోకెన్ల మార్కెట్ అంటే, ఒక క్రిప్టో సంఘం ముందున్న తీర్మానం నెగ్గితేనే, లేదా వీగితేనే చెల్లే టోకెన్లు కొని అమ్మే చోటు. అక్కడ మనం చేసిన బేరం, ఆ షరతు జరగకపోతే దానంతట అదే రద్దయిపోతుంది. పెట్టింది పెట్టినట్టు వెనక్కి వస్తుంది. ఏడాదిన్నరగా నన్ను ఇక్కడ కట్టిపడేసింది అదే. బాగా దెబ్బ తగిలిందీ దాని దగ్గరే.

మాది గుంటూరు జిల్లా, ఉద్యోగం బెర్లిన్‌లో. ఇదంతా ఏమిటని మా బావ ఫోన్‌లో అడిగితే మొదట కాంట్రాక్టులూ ఒరాకిళ్ళూ అని ఏదేదో చెప్పాను. ఆయనకు ఎక్కలేదు. అప్పుడు అమరావతి గుర్తొచ్చింది.

"2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు తుళ్ళూరు పక్క గజం రేటు ఏమైంది బావా?"

"ఏమవుతుంది, కొనేవాడే లేడు."

"ఎవడన్నా ఒక రేటు చెప్పినా, అందులో రెండు లెక్కలు కలిసిపోయి ఉంటాయి కదా. రాజధాని ఉంటే ఇంత, పోతే ఇంత. ఏది ఎంతో విడదీసి చెప్పలేం. ఇక్కడ ఆ రెండు రేట్లూ వేరువేరుగా, పక్కపక్కనే కనిపిస్తాయి."

ఆయన కాసేపు ఆలోచించి, "అంటే రాజధాని ఉంటేనే రిజిస్ట్రేషన్, లేకపోతే బయానా వెనక్కి అని కాగితం రాసుకున్నట్టేగా" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఈ ఆలోచనకు మూలం అమెరికా ఆర్థికవేత్త రాబిన్ హాన్సన్. 2000లో ఆయన దీనికి ఫ్యూటార్కీ అని పేరు పెట్టారు: ఏం కావాలో ఓటుతో తేల్చుకుందాం, ఏ దారిలో అది వస్తుందో మార్కెట్‌ను అడుగుదాం అని. 2023 చివర్లో సొలానా అనే బ్లాక్‌చెయిన్ మీద మెటాడావో అనే సంఘం దీన్ని ఆచరణలో పెట్టింది. అక్కడ తీర్మానం నెగ్గిందా లేదా అన్నది మార్కెట్ సగటు ధరలే తేలుస్తాయి. నేను వాడే చోట అలా కాదు. తేల్చేది ఆ టోకెన్ నడిపే సంఘం సభ్యుల ఓటు, మార్కెట్ పక్కన ఉండి రేటు చెబుతుంది. సైటు పేరు, టోకెన్ పేరు చెప్పను.

పనిచేసే తీరు ఇది. నా దగ్గర 4 టోకెన్లు ఉన్నాయనుకోండి. విడగొట్టు అన్న బటన్ నొక్కితే 4 'నెగ్గితే' టోకెన్లు, 4 'వీగితే' టోకెన్లు వస్తాయి. డాలరు టోకెన్లనూ (ఒక్కోటి ఒక డాలరు విలువ ఉండేవి) అలాగే విడగొట్టుకోవచ్చు. నెగ్గితే టోకెన్లను నెగ్గితే డాలర్లకే అమ్మగలం. అంటే ఆ బేరం మొత్తం తీర్మానం నెగ్గిన లోకంలోనే ఉంటుంది. తీర్మానం వీగితే ఆ వైపువన్నీ చెల్లని కాగితాలు, వీగితే టోకెన్ ఒక్కోటి ఒక్కో అసలు టోకెన్ అవుతుంది. రెండు ముక్కలూ చేతిలో ఉంటే ఫలితం కోసం ఆగక్కర్లేదు, ఎప్పుడైనా కలిపేసుకోవచ్చు. ఈ విడగొట్టడం, కలపడం ఎథీరియం అనే ఇంకో బ్లాక్‌చెయిన్ వైపు మొదట పద్ధతిగా చేసి పెట్టింది గ్నోసిస్ అనే బృందం వాళ్ళు. ఎంత సులువైన ఆలోచనో అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

మొదటి రోజు మాత్రం గుండె ఆగినంత పనైంది. 4 టోకెన్లు విడగొట్టి వాలెట్ తెరిచి చూస్తే సున్నా. అసలువీ లేవు, ముక్కలూ లేవు. పోయాయనే అనుకున్నాను. తీరా చూస్తే కొత్త ముక్కలను వాలెట్ తనంతట తాను చూపించదు, వాటి కాంట్రాక్టు అడ్రసు, అంటే బ్లాక్‌చెయిన్ మీద వాటిని నడిపే ప్రోగ్రాము చిరునామా, మనమే ఇవ్వాలి. అడ్రసు అతికించగానే రెండు వరుసలు వచ్చాయి, అటు 4.00, ఇటు 4.00. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ పని ముందు పది డాలర్లతో చేసి చూడండి. విడగొట్టండి, చూడండి, కలపండి. అమ్మకం తర్వాత సంగతి.

ఆ 4 టోకెన్లతోనే నా మొదటి బేరం. సంఘం ఖజానాలోంచి ఒక బయటి బృందానికి పెద్ద మొత్తం ఇవ్వాలన్న తీర్మానం అది. నాకు సుతరామూ నచ్చలేదు. మామూలు మార్కెట్లో అయితే రెండే దారులు: ముందే అమ్మేసి, తీర్మానం వీగితే బాధపడటం, లేదా పట్టుకుని కూర్చుని, నెగ్గితే బాధపడటం. ఇక్కడ మూడో దారి దొరికింది. నెగ్గితే టోకెన్లు నాలుగూ అమ్మేశాను. తీర్మానం నెగ్గితే నేను డబ్బు తీసుకుని బయటికి వస్తాను, వీగితే నా టోకెన్లు నాకుంటాయి. వీగింది. ఆ రాత్రి రిడీమ్ (గెలిచిన ముక్కలను అసలు టోకెన్లుగా మార్చే బటన్) నొక్కితే 4 టోకెన్లు తిరిగొచ్చాయి, నేను అసలు ఏమీ అమ్మనట్టే. ఆ సంతోషం చెప్పనలవి కాదు. "ఇందులో రిస్కే లేదు బావా" అని అప్పటికప్పుడు ఫోన్ చేశాను.

ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

ఏడు నెలల తర్వాత ఇలాంటిదే ఇంకో తీర్మానం. ఈసారి 10 టోకెన్లు విడగొట్టాను. మామూలు ధర 120 డాలర్లు. నెగ్గితే టోకెన్లు పదీ అమ్మితే 1131 నెగ్గితే డాలర్లు వచ్చాయి. ఓటింగ్ ముగియడానికి మూడు రోజులుందనగా, ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్న ఇల్లు దొరికింది. బెర్లిన్‌లో ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకు తెలుసు. మూడు నెలల అద్దె డిపాజిట్ కట్టాలి. చేతిలో ఉన్నదానికి ఈ 1200 డాలర్లు కలిస్తే సరిపోతుంది. ముక్కలు కలిపేసుకుని అమ్మేద్దామని కూర్చున్నాను.

కలపడానికి వీల్లేదు. నా దగ్గర 10 వీగితే టోకెన్లున్నాయి, వాటికి జోడీ అయిన నెగ్గితే టోకెన్లు ఒక్కటీ లేవు, అమ్మేశాను కదా. తిరిగి కొనాలి. ఆ వైపు పూల్‌లో, అంటే బేరాలకు పెట్టిన నిల్వలో, సరుకు చాలా తక్కువ. పది కొనాలంటే 1214 చూపించింది. ఉన్న 1131తో 9.3 మాత్రమే వస్తాయి. మిగతాదానికి ఇంకో 83 డాలర్లు కొత్తగా విడగొట్టాలి. రాత్రి పదకొండింటికి ఆ అంకె వైపు చూస్తూ, తీర్మానం నెగ్గితే పోయే 83 డాలర్లు ఇప్పుడు ఎందుకు పెట్టాలి, మూడు రోజులాగితే ఎలాగూ తేలుతుంది అనుకుని ల్యాప్‌టాప్ మూసేశాను. ఇల్లు చేజారకుండా పక్క సీటు స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకున్నాను, వారంలో ఇస్తానని చెప్పి.

ఓటింగ్ ముగిసింది. అనుకూలంగా ఎక్కువ ఓట్లు పడ్డాయి గానీ కోరం, అంటే కనీసం పడాల్సినన్ని ఓట్లు, చాలలేదు. మార్కెట్ పేజీలో ఉన్న ప్రశ్న మాత్రం "తీర్మానానికి మెజారిటీ ఓటు వచ్చి నెగ్గుతుందా" అని. కోరం మాట ఆ ప్రశ్నలో ఎక్కడా లేదు. ఫలితం తేల్చే పద్ధతి ఎలా ఉంటుందంటే, ఎవరైనా కొంత డబ్బు పందెంగా పెట్టి జవాబు రాయవచ్చు. కాదనేవాళ్ళు దానికి రెట్టింపు పెట్టాలి. కొత్త జవాబు వచ్చిన ప్రతిసారీ గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. ఒకరు 10 డాలర్లతో అవును అన్నారు. ఇంకొకరు 20తో కాదు అన్నారు. 40, 80, 160. గడువు ఒకటిన్నర రోజు, అది ఇంకో గంటలో ముగుస్తుందనగా కొత్త జవాబు పడేది. 640 దగ్గర మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళింది. మొత్తం 25 రోజులు. రోజూ పొద్దున్నే లేచి ముందు ఆ పేజీ చూసి, తర్వాతే మొహం కడుక్కునేవాణ్ణి. స్నేహితుడు ఒక్కసారి కూడా అడగలేదు, అదే ఎక్కువ టెన్షన్.

చివరికి వీగిందని తేల్చారు. రిడీమ్ నొక్కాను, 10 టోకెన్లూ వచ్చాయి. ఒక్కటీ తగ్గలేదు. ధర మాత్రం 97కి పడిపోయి ఉంది. 83 డాలర్లకు వెనకాడినవాణ్ణి 230 డాలర్లు తక్కువకు అమ్మి అప్పు తీర్చాను.

కాబట్టి బావతో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనతోనూ చెప్పాను. బేరం రద్దవుతుంది, నిజమే. తిరిగొచ్చేది టోకెన్లే, అమ్మిన నాటి ధర కాదు. ఈలోపు డబ్బు కదలదు. పక్కపక్కన రెండు రేట్లు కనిపిస్తాయని పైన పొగిడాను చూడండి, దానికీ కొంచెం సవరణ ఉంది. తీర్మానం నెగ్గే అవకాశం పూర్తిగా సన్నగిల్లాక ఆ వైపు బేరాలు ఎలాగూ రద్దయ్యేవే కాబట్టి ఎవరూ పట్టించుకోరు, అక్కడి రేటుకు అర్థం ఉండదు. నెగ్గితే రేటు ఎక్కువగా ఉన్నంత మాత్రాన తీర్మానం మంచిదనీ కాదు. రోజులు బాగున్నప్పుడే తీర్మానాలు నెగ్గుతుంటే, ఆ బాగంతా రేటులో కలిసిపోయి కనిపిస్తుంది. నేను ఈ సంగతి గ్రహించడానికి ఏడాది పట్టింది.

ఇండియాలో ఉన్నవాళ్ళకు మాత్రం దీన్ని వాడమని చెప్పలేను. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, జూలై నుంచి 1 శాతం టీడీఎస్. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకునే వీల్లేదు. 2025 ఆగస్టులో చేసిన చట్టం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతా నిషేధించింది. ఓటు ఫలితం మీద టోకెన్లు అమ్మడం ఆ కిందికి రాదని వాదించి గెలవడం కష్టం. జర్మనీలో ఏడాదికి పైగా దాచిన క్రిప్టో అమ్మితే పన్ను లేదు గానీ, విడగొట్టి కలిపితే ఆ ఏడాది లెక్క మళ్ళీ మొదలవుతుందా అన్నదానికి నా పన్ను సలహాదారు సూటిగా చెప్పలేకపోయారు. అందుకని వీటికి వేరే వాలెట్ పెట్టాను, పాత టోకెన్లను ముట్టుకోను.

మానేశానా అంటే లేదు. నేనున్న పరిస్థితిలో, అంటే జీతం నెలనెలా వస్తూ, ఈ డబ్బు ఆరు నెలలు కదలకపోయినా ఇల్లు గడిచేలా ఉంటే, నాకు ఇంతకంటే నచ్చిన పనిముట్టు క్రిప్టోలో ఇంకోటి లేదు. ఇప్పుడు విడగొట్టే ముందు ప్రశ్నను అక్షరం అక్షరం చదువుతాను, కోరం గురించి ఏముందో వెతుకుతాను. పది ఉంటే ఏడే అమ్మి, మూడు జోడీలు కలుపుకోవడానికి ఉంచుకుంటాను. నిన్న వచ్చిన తీర్మానం ప్రశ్నలో కోరం మాట స్పష్టంగా ఉంది. 3 టోకెన్లు విడగొట్టాను, 2 అమ్మాను.