వరంగల్ నుంచి కాంగ్ యాత్సే–2: గైడ్‌తో ఎక్కాలనుకునేవాళ్ళు పైసలు కట్టేముందు చూసుకోవాల్సినవి

లదాఖ్‌లో స్టోక్ కాంగ్రీ శిఖరాన్ని ఎక్కేవాళ్ళకు 2020లో మూసేశారు. అప్పటి నుంచి మొదటిసారి ఆరువేల మీటర్లు దాటాలనుకునేవాళ్ళలో చాలామంది మార్ఖా లోయ పైనున్న కాంగ్ యాత్సే–2 శిఖరం వైపు మళ్ళారు. దాని ఎత్తు సుమారు 6,250 మీటర్లు. మన వరంగల్ 270 మీటర్ల దగ్గర ఉంది. ఈ తేడాను ఎన్ని రాత్రుల్లో దాటుతారన్నదే అసలు లెక్క. కాళ్ళ బలం, బూట్ల ఖరీదు దాని తరవాతే. ప్యాకేజీలు పోల్చేటప్పుడు ధర కన్నా ముందు చూడాల్సింది ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకుంటారన్న పట్టిక.

మిగతా శిఖరాల సంగతి. మనాలి దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్ (5,289 మీటర్లు) క్రాంపాన్లు (బూట్ల కింద బిగించే ఇనుప ముళ్ళు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) వాడకం నేర్చుకోవడానికి మంచి చోటు. కానీ జులై, ఆగస్టుల్లో అక్కడ వానలు. యునాం (6,111) మనాలి–లేహ్ రోడ్డు పక్కనే, బారాలాచా కనుమ దాటాక ఉంటుంది. ఎక్కడం సులువే కానీ, జీపే 4,700 మీటర్ల దాకా మోసుకుపోతుంది కాబట్టి ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరకదు. తలనొప్పితో తిరిగొచ్చేవాళ్ళు అక్కడ ఎక్కువ. సురు లోయలోని నున్ (7,135) మూడు వారాలు దాటే పని, తాళ్ళ మీద జుమార్‌తో (తాడును పట్టుకుని పైకి జరిగే పరికరం) ఎక్కాలి. ఒక ఆరువేల శిఖరం చేసిన తరవాతే దాని గురించి ఆలోచించాలి. కాంగ్ యాత్సే వర్షచ్ఛాయలో ఉండటం, రోజుకింత చొప్పున ఎత్తు పెంచే లోయ దారి ఉండటం వల్ల మనలాంటి మైదానం వాళ్ళకు అదే నప్పుతుంది.

సాధన ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి. హన్మకొండ పద్మాక్షి గుట్ట మెట్లు, ఖిలా వరంగల్‌లోని ఏకశిల గుట్ట చాలు. వారానికి నాలుగు రోజులు, 10–12 కిలోల సంచితో, గంటన్నర ఆగకుండా. ఎక్కడం మీద పెట్టినంత శ్రద్ధ దిగడం మీద ఎవరూ పెట్టరు. శిఖరం నుంచి వచ్చేటప్పుడు తొడలు వణికి జారిపడేవాళ్ళే ఎక్కువ కాబట్టి, బరువుతో నెమ్మదిగా దిగడం కూడా సాధన చేయాలి. తాళ్ళ పని నేర్చుకోవడానికి భువనగిరికి మించిన చోటు దగ్గర్లో లేదు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ శిక్షణ ఆ ఒంటిరాతి గుట్ట మీదే మొదలైంది. హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించే పట్టీలు) కట్టుకోవడం, ఫిగర్ ఎయిట్ ముడి, జుమార్, తాడు మీద దిగడం, ఇవన్నీ చలి చేతొడుగులు వేసుకుని చేయగలగాలి. భూపాలపల్లి వైపు వాళ్ళకు రేగొండ దగ్గర పాండవుల గుట్టలు ఉన్నాయి.

డాక్టర్ దగ్గర బీపీ, ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్షలు ఎలాగూ చేయిస్తారు. మన జిల్లాల వాళ్ళు తప్పకుండా అడగాల్సింది ఇంకొకటుంది: సికిల్ సెల్ పరీక్ష. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు ఇది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు వైపు, ముఖ్యంగా ఆదివాసీ కుటుంబాల్లో, దీని జన్యు లక్షణం (ట్రెయిట్) ఉన్నవాళ్ళు ఉన్నారు. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే మోస్తున్నవాళ్ళకు ఊళ్ళో ఏ ఇబ్బందీ తెలియదు. ఎత్తులో ప్రాణవాయువు తగ్గినప్పుడు ప్లీహానికి రక్తం అందక ఎడమ పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఏ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టూ దీన్ని పట్టుకోదు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాస్తారు. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

కాజీపేట, వరంగల్ స్టేషన్ల నుంచి ఢిల్లీకి రైల్లో దాదాపు ఒక రోజు. అక్కడి నుంచి లేహ్‌కు గంటంపావు విమానం. ఎక్కువగా పొద్దున పూటే ఎగురుతుంది, వాతావరణం బాగాలేకపోతే రద్దవుతుంది. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఒక్కో రోజు ఖాళీగా ఉంచండి. సెలవు దొరికితే శ్రీనగర్ నుంచి రోడ్డు మీద వెళ్ళడం ఇంకా మేలు. కార్గిల్‌లో (2,676 మీటర్లు) ఒక రాత్రి పడుకుని లేహ్ చేరితే ఒళ్ళు అప్పటికే కొంత సర్దుకుంటుంది. ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. లోయలోకి దిగాక అదీ ఉండదు.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. కనీసం మూడు రాత్రులు ఉండాలి. చాంగ్‌స్పా వీధిలో అద్దె సామాన్ల దుకాణాలు, తిండి అన్నీ పక్కపక్కనే, కానీ రాత్రి సందడి. శంకర్ గోంపా (బౌద్ధ మఠం) వైపు తోటల మధ్య గెస్ట్‌హౌస్‌లు ప్రశాంతంగా ఉంటాయి, బజారు నుంచి తిరిగి రావాలంటే కాస్త ఎత్తెక్కాలి. మొదటి రెండు రోజులకు శంకర్ వైపే నయం. ఎక్కడైనా కింది అంతస్తు గది, గదిలోనే బాత్రూమ్ అడగండి. డయామాక్స్ వేసుకుంటే రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తుంది.

లోయలో స్క్యూ, మార్ఖా, హంకర్ ఊళ్ళలో హోమ్‌స్టేలు ఉన్నాయి. వెచ్చటి పరుపులు, అన్నం, పప్పు, థుక్పా (నూడుల్స్ సూప్). టెంటు కన్నా నిద్ర బాగా పడుతుంది కాబట్టి హంకర్ దాకా అవే తీసుకోండి. ఆపైన టెంట్లే. హంకర్ సుమారు 4,000 మీటర్లు, దాని పైనున్న నిమాలింగ్ మకాం 4,800. ఒకే రోజు ఎక్కించే ప్లాన్ ఉంటే, మధ్యలో తచుంగ్‌త్సే దగ్గర ఒక రాత్రి కలపమనండి. మూడువేలు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే హద్దు. తక్కువ రోజుల ప్యాకేజీలు చోక్డో నుంచి కొంగ్‌మరు కనుమ (5,200 పైన) దాటించి నేరుగా నిమాలింగ్‌లో దింపుతాయి. నాలుగు రోజుల ఖర్చు మిగులుతుంది, శిఖరం పోతుంది.

నిర్వాహకులను అడగాల్సినవి కాగితం మీద రాయించుకోవాలి. ఒక తాడుకు ఒక గైడ్, ముగ్గురికి మించని సభ్యులు. గైడ్ ఉత్తరకాశీ, డార్జిలింగ్, మనాలి సంస్థల్లో ఏదో ఒకదాని అడ్వాన్స్ కోర్సు చేశాడా? ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతిలో మీ పేరుందా? బేస్ క్యాంపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుందా, రాత్రిపూట కిందికి దించడానికి గుర్రం అక్కడే ఉంటుందా? మన దేశంలో లైసెన్స్ లేకుండా శాటిలైట్ ఫోన్ వాడకూడదు. కాబట్టి వాకీటాకీలు, కబురు మోసే మనిషి ఏర్పాటు ఎలా ఉందో కచ్చితంగా తెలుసుకోవాలి. వాతావరణం కోసం అదనపు రోజు లేని ప్లాన్ ఎంత చవకైనా వద్దు.

అద్దె బూట్లను లేహ్‌లోనే పగటి వెలుగులో చూడాలి. పాత ప్లాస్టిక్ బూట్ల తొడుగు చలికి పగులుతుంది, అడుగు ఊడుతుంది. రెండు సాక్సులతో వేసుకుని, మెట్లు దిగితే బొటనవేలు ముందుకు తగలకూడదు. క్రాంపాన్‌ను ఆ బూటుకే బిగించి విదిలించి చూడండి. కింద మంచు ఉండకట్టకుండా రబ్బరు పలక ఉండాలి.

తిండికి సకినాలు అందరూ కట్టుకెళ్తారు. ఆ ఎత్తులో నోరు ఎండిపోయి అవి మింగుడు పడవు. నువ్వుల లడ్డూలు, పల్లీ పట్టీలు నయం. బేస్ క్యాంపులో నీళ్ళు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అన్నం కావాలంటే కుక్కర్ ఉందో లేదో అడగాలి.

బేస్ క్యాంపు సుమారు 5,050 మీటర్లు. ఒక రోజు అక్కడ మంచు మీద సాధన, ఆ రాత్రి పదకొండు, పన్నెండు మధ్య బయల్దేరడం. మొదట రాళ్ళ దిబ్బలు, తరవాత క్రాంపాన్లతో పొడవాటి మంచు వాలు. పైపు ఉన్న నీళ్ళ సంచి గడ్డకడుతుంది. సీసాలో వేడినీళ్ళు పోసి, ఉన్ని సాక్సు తొడిగి, తలకిందులుగా పెట్టుకోవాలి. గడ్డకట్టేది పైభాగం కాబట్టి మూత తెరుచుకుంటుంది. జులైలో మంచు మెత్తగా ఉండి అడుగు దిగబడుతుంది, ఆగస్టు చివరికి కింది గట్టి ఐస్ బయటపడుతుంది. ఎక్కడున్నా పొద్దున తొమ్మిదింటికి వెనక్కి తిరగాలన్న మాట ముందురోజే అనుకోవాలి. ఎండెక్కాక మంచు వదులై, దిగడం ప్రమాదమవుతుంది.

కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, సరళరేఖ మీద నడవలేకపోయినా, మాట తడబడినా, వెంటనే కిందికి దించాలి. డెక్సామెథసోన్ (మెదడు వాపు తగ్గించే మందు), ఆక్సిజన్ దించడానికి సాయమే కానీ, పైన ఉండిపోవడానికి అనుమతి కాదు. ఎవరు ఎవరితో దిగుతారో, మిగతావాళ్ళ తాడుకు గైడ్ ఎవరో బేస్ క్యాంపులోనే తేల్చుకోవాలి. లేహ్‌లో ఎస్‌ఎన్‌ఎం ఆసుపత్రికి ఎత్తు జబ్బుల అనుభవం బాగా ఉంది.

తిరుగు దారి కొంగ్‌మరు కనుమ మీదుగా చోక్డోకు. నిమాలింగ్ నుంచి ఆరింటికల్లా బయల్దేరాలి. మధ్యాహ్నానికి మంచు కరిగి, అవతలి ఇరుకు లోయలో వాగు పొంగుతుంది.