జెన్‌కాన్ చార్టర్ పత్రం: సరుకుదారు వైపు నుంచి ఒక సమీక్ష

పెద్ద మొత్తంలో సరుకును ఒకే ఓడలో పంపవలసి వచ్చి, ఆ ఓడను ఒక ప్రయాణం కోసం కుదుర్చుకొనేవారి చేతికి అన్నిటికంటే ముందు వచ్చే ఒప్పంద పత్రపు నమూనా జెన్‌కాన్. 1905లో కోపెన్‌హేగన్‌లో మొదలై ఇప్పుడు బిమ్కో అనే పేరుతో నడుస్తున్న అంతర్జాతీయ నౌకాయాన సంస్థ దీన్ని 1922లో తొలిసారి విడుదల చేసి, ఆ తర్వాత 1976లోను, 1994లోను, చివరిగా 2022లోను సవరించింది. సరికొత్త ప్రతి అందుబాటులో ఉన్నప్పటికీ బ్రోకర్ల ద్వారా వచ్చే ఆఫర్లలో 1994 ప్రతి పేరే నాకు ఎక్కువగా ఎదురవుతూ ఉంటుంది కనుక, ప్రధానంగా దానినే తీసుకొని, బేరం మొదలైన దగ్గర నుంచి సంతకాల దాకా అది చార్టరర్‌కు (ఓడను కుదుర్చుకొనే సరుకుదారుకు) ఎక్కడ అండగా నిలుస్తుందో, ఎక్కడ చేయి వదిలేస్తుందో పరిశీలిస్తాను.

పత్రం నిర్మాణం మెచ్చుకోదగినది. మొదటి భాగమంతా గడులు. రెండో భాగమంతా అచ్చువేసిన షరతులు. రెండింటి మధ్య వైరుధ్యం వస్తే మొదటి భాగమే చెల్లుతుందని పత్రమే చెబుతుంది. కిరాయి రేటు 13వ గడిలో, లేటైమ్ (సరుకు ఎక్కించి దించడానికి చార్టరర్‌కు ఇచ్చే సమయం) 16వ గడిలో, డెమరేజ్ (ఆ సమయం దాటితే చెల్లించే పరిహారం) రేటు 20వ గడిలో, రద్దు తేదీ (అప్పటికి ఓడ సిద్ధంగా లేకపోతే చార్టరర్ ఒప్పందాన్ని రద్దు చేసుకోగల తేదీ) 21వ గడిలో ఉంటాయి కాబట్టి, డబ్బుకు, కాలానికి సంబంధించిన ముఖ్య విషయాలన్నీ వెతుక్కోకుండానే కనబడతాయి. ఒప్పందాలను చదవడం వృత్తి కాని లెక్కల విభాగం వారు కూడా ఈ గడులను చూసి తమకు కావలసింది తీసుకోగలరు.

అయితే బేరం జరిగేది ఈ పత్రం మీద కాదు. ఓడ పేరు, సరుకు, పరిమాణం, రేవులు, ఓడ ఏ తేదీల మధ్య చేరాలి, కిరాయి, లోడింగ్ వేగం, డెమరేజ్, కమిషన్ అనేవి ఈ-మెయిళ్లలో ఆఫరు, ఎదురు ఆఫరుగా అటూ ఇటూ నడిచి, కుదిరిన తర్వాత బ్రోకర్ వాటన్నిటినీ రీక్యాప్‌గా, అంటే కుదిరిన షరతుల సారాంశంగా, పంపుతాడు. ఆ రీక్యాప్ చివర "మిగిలినవన్నీ జెన్‌కాన్ 94 ప్రకారం" అన్న ఒక్క వాక్యంతో పత్రం మొత్తం ఒప్పందంలోకి వచ్చేస్తుంది. మరింత చిక్కు తెచ్చేది ఏమిటంటే, చాలామంది ఓడ యజమానులు ఖాళీ పత్రానికి బదులు తాము గతంలో మరో సరుకుకు, మరో రేవుకు వాడిన చార్టర్‌ను, దాని వెనుక పేరుకుపోయిన రైడర్ క్లాజులతో (అదనంగా జోడించిన షరతులతో) సహా, "అవసరమైన మార్పులతో" అంటూ ముందు పెడతారు. ఆ మార్పులు ఏవో ఎవరూ చెప్పరు; బియ్యం బస్తాల బేరంలోకి ఇనుప ఖనిజం క్లాజు తొంగిచూడడం ఈ రంగంలో వింత కాదు. ఖాళీ పత్రంతో మొదలుపెట్టి, కావలసిన నాలుగు రైడర్లను సొంతంగా చేర్చుకోవడం మేలని నా అభిప్రాయం. దానికి పట్టే అదనపు గంట తర్వాతి వివాదాల ముందు లెక్కలోకి రాదు.

ఇక్కడే సబ్జెక్టుల గురించి, అంటే నెరవేరేదాకా ఒప్పందాన్ని ఆపి ఉంచే షరతుల గురించి, చెప్పాలి. పత్రం దీని గురించి మౌనంగా ఉంటుంది, కానీ ఒప్పందం ఎప్పుడు పుట్టిందన్నది తేలేది వీటి దగ్గరే. "షిప్పర్, రిసీవర్ ఆమోదానికి లోబడి" అన్న మాట రీక్యాప్‌లో ఉన్నంతకాలం ఇంగ్లీషు చట్టం దృష్టిలో సాధారణంగా చార్టర్ ఏర్పడలేదనే లెక్క. న్యూకాసిల్ ఎక్స్‌ప్రెస్ అనే ఓడ విషయంలో 2022లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు సరిగ్గా ఇదే చెప్పింది: ఆ సబ్జెక్టు తొలగకముందే చార్టరర్ ఓడను వదులుకున్నాడు కాబట్టి చార్టర్ లేదు, చార్టరే లేనప్పుడు దానిలోని ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) క్లాజు కూడా లేదు. అమెరికా చట్టం కింద పరిస్థితి వేరు. ప్రధాన షరతులు కుదిరి, "వివరాలకు లోబడి" అన్న మాట మాత్రమే మిగిలి ఉన్నప్పుడు ఇరుపక్షాలూ బద్ధులయ్యారని అక్కడి కోర్టులు భావించిన సందర్భాలు ఉన్నాయి. కనుక ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్నది బేరం చివర తీరిగ్గా చూసుకొనే విషయం కాదు. ప్రతి సబ్జెక్టుకు ఒక గడువు, ఆ గడువు ఏ ప్రాంతపు సమయం ప్రకారమో కూడా రాయించుకోవాలి; సబ్జెక్టులన్నీ ఎత్తివేశామని ఒకే సందేశంలో స్పష్టంగా చెప్పాలి.

పత్రంలో నేను అత్యధిక సమయం గడిపేది ఆరో క్లాజు మీద. ఓడ కెప్టెన్ ఇచ్చే నోటీస్ ఆఫ్ రెడీనెస్ (ఓడ పనికి సిద్ధంగా ఉందన్న నోటీసు) మధ్యాహ్నం 12 గంటల లోపు అందితే లేటైమ్ అదే రోజు 13 గంటలకు మొదలవుతుంది; 12 దాటిన తర్వాత ఆఫీసు వేళల్లో అందితే మరుసటి పనిదినం ఉదయం 6 గంటలకు మొదలవుతుంది. శనివారం, ఆదివారం పనిదినాలు కాని రేవు అనుకుందాం. శుక్రవారం 11.50కి నోటీసు వస్తే ఒంటిగంటకే గడియారం కదులుతుంది, అదే 12.10కి వస్తే సోమవారం ఉదయం దాకా కదలదు. ఇరవై నిమిషాల తేడా శుక్రవారం మధ్యాహ్నాన్ని మొత్తం ఒకరి ఖాతా నుంచి మరొకరి ఖాతాకు మారుస్తుంది. దీనికి తోడు, లేటైమ్ మొదలుకాకముందే పని జరిగితే ఆ కాలం కూడా లెక్కలోకి వస్తుందని ఈ క్లాజులోనే ఒక చిన్న వాక్యం ఉంది. స్టీవెడోర్లు (సరుకు ఎక్కించి దించే రేవు కూలీలు) ఉత్సాహంగా ముందే పని మొదలుపెట్టినందుకు చార్టరర్ తన సమయాన్ని పోగొట్టుకొనేలా చేసే ఈ వాక్యాన్ని కొట్టివేయమని అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

బెర్తు (రేవులో ఓడను కట్టే చోటు) ఖాళీగా లేకపోతే ఓడ రేవు బయట లంగరు వేసిన చోటు నుంచే నోటీసు ఇవ్వవచ్చునని, బెర్తులో ఉన్నట్టే కాలం లెక్కించవచ్చునని కూడా పత్రం చెబుతుంది. అంటే రేవులో రద్దీ భారం చార్టరర్ మీద పడుతుంది. రద్దీ ఎక్కువగా ఉండే రేవుకు సరుకు పంపేవారు దీన్ని కిరాయి బేరంలోనే పరిగణించాలి తప్ప, క్లాజును మార్పించగలమని ఆశ పెట్టుకోకూడదు. ఆ ఒక్క విషయంలో యజమానులు సాధారణంగా మెత్తబడరు. లంగరు చోటు నుంచి బెర్తుకు కదిలే సమయం మాత్రం లేటైమ్ కిందకు రాదు.

డెమరేజ్ క్లాజు చూడడానికి చిన్నదే గాని పదునైనది. డెమరేజ్ రోజువారీగా బాకీ పడుతుంది. చెల్లించకపోతే యజమాని 96 గంటల లిఖిత నోటీసు ఇచ్చి, అప్పటికీ చెల్లించకపోతే, ఓడ ఇంకా లోడింగ్ రేవులోనే ఉన్న పక్షంలో చార్టర్‌ను రద్దుచేసి నష్టపరిహారం అడగవచ్చు. చెల్లింపులు బ్యాంకుల గుండా నిదానంగా సాగే సంస్థలకు ఇది నిజమైన ముప్పు. చార్టరర్లకు ఊరటనిచ్చే విషయం ఒకటుంది: ఎటర్నల్ బ్లిస్ కేసులో 2021లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు, లేటైమ్‌లోగా పని ముగించకపోవడం వల్ల కలిగే నష్టాలన్నిటికీ, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, డెమరేజే పరిహారమని తేల్చింది. ఆ కేసులో ఓడ నిలిచిపోవడంతో సోయా గింజలు పాడై, దానివల్ల తన మీద పడిన భారాన్ని యజమాని డెమరేజ్‌తో పాటు విడిగా అడిగాడు. ఇక పని తొందరగా ముగించినందుకు చార్టరర్‌కు రావలసిన డిస్పాచ్ గురించి 1994 పత్రంలో ఏర్పాటు లేదు. డెమరేజ్ రేటులో సగం అన్న వాడుకను రైడర్‌లో రాయించుకోకపోతే అడిగే ఆధారం ఉండదు.

ఈ పత్రంలో అన్నిటికంటే బలహీనమైనది రెండో క్లాజు. సరుకుకు నష్టం జరిగితే, ఓడను ప్రయాణ యోగ్యంగా ఉంచడంలో యజమాని గాని అతని మేనేజరు గాని వ్యక్తిగతంగా శ్రద్ధ చూపకపోవడం వల్లనో, వారి వ్యక్తిగత చర్య లేదా తప్పిదం వల్లనో అయితేనే యజమాని బాధ్యుడు. కెప్టెన్, సిబ్బంది చేసిన పొరపాటు ఇందులోకి రాదు. హ్యాచ్ (సరుకు గది) మూతల రబ్బరు పట్టీలు అరిగిపోయి నీళ్లు దిగినా, అది కంపెనీ పై స్థాయిలో జరిగిన అలక్ష్యమని నిరూపించవలసిన భారం సరుకుదారు మీద పడుతుంది. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినందుకు ఇచ్చే పత్రం) మరొకరి చేతికి మారితే ఆ కొనుగోలుదారుకు, సముద్ర రవాణాలో ఓడవారి బాధ్యతను నిర్దేశించే హేగ్ నియమాల రక్షణ దక్కుతుంది. బేరమాడి ఓడను తెచ్చిన చార్టరర్ చేతిలోనే బిల్లు ఉన్నంతవరకు అది ఇంగ్లీషు చట్టంలో కేవలం రసీదు, అతనికి వర్తించేది ఈ రెండో క్లాజే. ఇంత అసమతూకమైన షరతు ఇన్నేళ్లు నిలవడానికి కారణం దాని మంచితనం కాదు, దాన్ని కొట్టివేసి హేగ్ నియమాల సవరించిన రూపమైన హేగ్-విస్బీ నియమాలను చేర్చే అలవాటు స్థిరపడడం. 2022 ప్రతి ఆ నియమాల ధోరణిలోనే యజమాని బాధ్యతను తిరగరాసింది, ఆ ఒక్క కారణం చాలు చార్టరర్లు దాన్ని కోరడానికి.

రద్దు క్లాజును మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఓడ రద్దు తేదీకి అందదని యజమానికి ముందే తెలిస్తే, కొత్త తేదీ తెలియజేసి, రద్దు చేసుకుంటారా అని అడగాలి. చార్టరర్ 48 గంటల్లో జవాబు చెప్పాలి. చెప్పకపోతే, యజమాని చెప్పిన కొత్త తేదీ తర్వాతి ఏడో రోజు కొత్త రద్దు తేదీ అవుతుంది. ఇరుపక్షాలకూ సమానంగా న్యాయం చేసే ఏర్పాటు ఇది. అయితే ఈ 48 గంటలు సెలవులతో నిమిత్తం లేకుండా నడుస్తాయి కాబట్టి, శుక్రవారం సాయంత్రం వచ్చిన సందేశాన్ని సోమవారం తెరిచేవారికి ఆ హక్కు మిగలదు.

స్టీవెడోర్ల వల్ల ఓడకు కలిగే నష్టం, బ్రోకరేజ్, సమ్మె, యుద్ధం, మంచు క్లాజుల గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది తక్కువ; అవి చేయవలసిన పని చేస్తాయి.

2022 ప్రతి పొడవైనది, మొదటిసారి చూసేవారికి బరువుగా అనిపిస్తుంది. కాని ఇదివరకు రైడర్లుగా తగిలించుకొనే అనేక విషయాలు దానిలోనే ఉండడం వల్ల మొత్తం మీద చదవవలసిన పుటలు తగ్గుతాయి. సరుకు విలువైనదైనా, త్వరగా పాడయ్యేదైనా 2022 ప్రతినే మొదటి ఆఫర్‌లో పేరు పెట్టి అడగాలి. రీక్యాప్ దాకా వచ్చాక అడిగితే కిరాయి బేరం మళ్లీ తెరుచుకుంటుంది. చవక సరుకు, తెలిసిన యజమాని, తరచూ నడిచే మార్గం అయితే రెండో క్లాజు మార్చిన 1994 ప్రతి సరిపోతుంది.

ఏ ప్రతి అయినా, టైపు చేసిన చార్టర్ చేతికి వచ్చేసరికి ఓడ బయలుదేరి ఉండడం మామూలే కనుక, సంతకానికి ముందు ప్రతి గడినీ రీక్యాప్‌తో పోల్చి చూడాలి. 1994 ప్రతిలో చట్టం, ఆర్బిట్రేషన్‌కు సంబంధించిన 25వ గడిని ఖాళీగా వదిలితే ఇంగ్లీషు చట్టం, లండన్ ఆర్బిట్రేషన్ వాటంతట అవే వర్తిస్తాయి. అదే గడిలో చిన్న క్లెయిముల పరిమితి మొత్తాన్ని రాయకపోతే, తక్కువ ఖర్చుతో ముగిసే చిన్న క్లెయిముల పద్ధతికి సంబంధించిన ఏర్పాటు మాత్రమే రద్దవుతుంది; మిగిలిన క్లాజు అలాగే నిలిచి, కొద్దిపాటి డెమరేజ్ తగాదా కూడా పూర్తి స్థాయి ఆర్బిట్రేషన్‌కు వెళ్తుంది.